జబ్బు లేనివాళ్లకు మందు చీటీ

(హౌస్ సర్జన్లు, పీజీ వైద్య విద్యార్థుల సభలో ఒక మానసిక వైద్యుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో హౌస్ సర్జన్లు, పీజీలు ఉన్నారు. వెనక కొందరు తల్లిదండ్రులు కూడా వచ్చారని చెప్పారు. సంతోషం. ఈ రోజు మాట్లాడబోయేది నిద్ర రాకుండా, ఏకాగ్రత పెరగాలని జబ్బు లేనివాళ్లు అడిగే మాత్రల గురించి. వాటి విషయంలో చీటీ రాసేది డాక్టరే అయినా, రాయమని అడిగేది చాలాసార్లు ఇంటివాళ్లే. అందుకని ఇద్దరూ ఒకేచోట కూర్చుని వినడం మంచిది.

సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు మళ్లీ హాస్టళ్లకు వెళ్లే రోజుల్లో నా ఓపీకి ఒక రకం కుటుంబాలు వస్తుంటాయి. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్లాడు, పక్కన నాన్న. "సార్, మావాడికి జబ్బేం లేదండి. తెలివైనవాడే. రాత్రి పదయ్యేసరికి నిద్ర ముంచుకొచ్చేస్తోంది, చదివింది నిలవడం లేదంటున్నాడు. పరీక్షలయ్యేదాకా ఏదైనా రాసివ్వండి." కొన్నేళ్ల కిందటి వరకూ ఈ మాట మెమరీ టానిక్ దగ్గర ఆగేది. ఇప్పుడు మాత్ర పేరు కూడా వాళ్లే చెబుతున్నారు. అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న పెదనాన్న కొడుకు చెప్పాడనో, గచ్చిబౌలిలో నైట్ షిఫ్టు చేసే బాబాయి వేసుకుంటున్నాడనో అంటారు.

ఆ తండ్రి కోరికను నేను తక్కువ చేసి చూడను. పసిబిడ్డ నాలుకకు వస రాసిన ఇళ్లలోంచి వచ్చాం మనం. మాటలు స్పష్టంగా రావాలని వస, చదువు బాగా అబ్బాలని సరస్వతీ లేహ్యం తరతరాలుగా పెడుతూనే ఉన్నారు. పిల్లలు తమకంటే మెరుగ్గా బతకాలన్న ఆశ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయితే ఈ కొత్త మాత్రలు మెదడులోని రసాయనాలను నేరుగా కదిలిస్తాయి. డాక్టరు సంతకం లేకుండా చేతికి రాకూడని మందులవి. నేను మాట్లాడేదంతా ఆ సంతకం గురించే.

మందుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడు పేర్లు చాలు: ఆంఫెటమిన్, మిథైల్‌ఫెనిడేట్, మోడాఫినిల్. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు ప్రవర్తన సమస్యలున్న పిల్లలకు ఆంఫెటమిన్ ఇచ్చి, 1937లో ఫలితాలు ప్రచురించాడు. ఆయన ఇచ్చింది తలనొప్పికి. తలనొప్పి సంగతి ఎలా ఉన్నా, పిల్లలు బడిలో కుదురుగా కూర్చుని లెక్కలు చేయసాగారు. ఆ పిల్లలే వాటిని లెక్కల మాత్రలని పిలిచారు. మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజాన్ తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్‌ను రీటా అనేవారు. టెన్నిస్ ఆడబోయే ముందు ఆమె ఈ మందు వేసుకునేదని, రిటాలిన్ అన్న పేరు ఆమెదేనని చెబుతారు. మోడాఫినిల్ ఫ్రాన్స్‌లో పుట్టింది. కూర్చున్నచోటే ఆపుకోలేని నిద్ర వచ్చేసే నార్కోలెప్సీ అనే జబ్బుకు 1998లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

ఇవి జబ్బు ఉన్నవాళ్లకు ఎంత మేలు చేస్తాయో నేను రోజూ చూస్తున్నాను. ఏడీహెచ్‌డీ, అంటే చిన్నప్పటి నుంచీ కుదురు, ఏకాగ్రత నిలవని జబ్బు, ఉన్న పిల్లాడు మొదటిసారి ఒక పేజీ పూర్తిగా రాసి తెచ్చినప్పుడు ఆ తల్లి ముఖం చూడాలి. ఆ పిల్లల సంగతి చివర్లో చెబుతాను, మరచిపోను. ముందు జబ్బు లేనివాళ్ల సంగతి.

జబ్బు లేనివాళ్లలో ఇవి పనిచేస్తాయా? మోడాఫినిల్ మీద 1990 నుంచి 2014 వరకు వచ్చిన 24 అధ్యయనాలను ఆక్స్‌ఫర్డ్, హార్వర్డ్ పరిశోధకులిద్దరు సమీక్షించి 2015లో ప్రచురించారు. సంక్లిష్టమైన, ఎక్కువసేపు పట్టే పనుల్లో, ముఖ్యంగా ప్రణాళిక వేసుకోవడంలో, నిర్ణయాలు తీసుకోవడంలో కొంత లాభం కనిపించింది. చిన్న చిన్న పరీక్షల్లో నిలకడైన లాభం లేదు. కొంచెం పనిచేస్తుందన్నమాట. దాన్ని దాచాల్సిన పని లేదు. దాచి భయపెడితే, పిల్లలు నెట్‌లో చదివి మన మాట నమ్మడం మానేస్తారు.

కానీ మరో రెండు అధ్యయనాలు మీరు తప్పక తెలుసుకోవాలి. ఒకటి 2013లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఆరోగ్యవంతులైన 46 మందికి ఒకసారి ఆంఫెటమిన్ లవణాల మాత్ర, ఒకసారి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి రకరకాల మానసిక పరీక్షలు పెట్టారు. మొత్తం మీద చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. అయితే మాత్ర వేసుకున్న రోజు తాము బాగా చేశామని మాత్రం వాళ్లు నమ్మారు. రెండోది 2023లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి. 40 మందికి ఒక లెక్క ఇచ్చారు: సంచి మోయగలిగే బరువుకు ఒక పరిమితి ఉంది, వస్తువులకు తలా ఒక బరువు, ఒక విలువ ఉన్నాయి, బరువు మించకుండా ఎక్కువ విలువ వచ్చేలా సంచి నింపాలి. మిథైల్‌ఫెనిడేట్, మోడాఫినిల్, ఆంఫెటమిన్‌లోనే ఒక రకమైన డెక్స్‌ట్రోఆంఫెటమిన్ మూడింటినీ, ఉత్తుత్తి మాత్రనూ వేర్వేరు రోజుల్లో ఇచ్చి చూశారు. మందు వేసుకున్నప్పుడు ఎక్కువసేపు, ఎక్కువ ఎత్తుగడలతో శ్రమించారు. ఆ ఎత్తుగడల నాణ్యత మాత్రం పడిపోయింది. మందు లేనప్పుడు సగటు కంటే పైన ఉన్నవాళ్లు మందుతో సగటు కిందికి జారే ధోరణి కనిపించింది.

ఓపీకి వచ్చిన ఆ తండ్రి ఏమన్నాడో గుర్తుందా? తెలివైనవాడే అన్నాడు. సరిగ్గా అలాంటి పిల్లాడికే నష్టం జరిగే అవకాశం ఉంది. పైగా నష్టం జరిగినట్టు వాడికే తెలియదు, బాగా చదివాననే అనుకుంటాడు. నన్ను అన్నింటికంటే కలవరపెట్టేది ఇదే. వాంతులో, దద్దుర్లో వస్తే మందు మానేస్తారు. తప్పుడు నమ్మకం వస్తే మానరు.

నిద్ర గురించి కూడా చెప్పాలి. పగలు చదివింది జ్ఞాపకంగా గట్టిపడేది రాత్రి నిద్రలో. నిద్రను చెరిపేసి చదువు పెంచుతామనడం, అలిసిన ఎద్దుకు మేత వేయకుండా మునికోలతో పొడిచి నడిపించడమే. నాలుగు అడుగులు వేస్తుంది, నిజమే.

దుష్ఫలితాల్లో గుండె వేగం, బీపీ, ఆకలి తగ్గడం, ఆందోళన మీకు పాఠంలో ఉన్నవే. మోడాఫినిల్‌తో అరుదుగా స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ రావచ్చు. అరుదే అయినా ప్రాణం మీదికి తెచ్చే చర్మవ్యాధి అది. అలవాటు పడే మందు కాదని దీనికి మొదట్లో పేరుండేది. 2009లో పదిమంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి చూస్తే, వ్యసనాలతో సంబంధమున్న భాగంలోనూ ఇది డోపమిన్ అనే మెదడు రసాయనాన్ని పెంచుతోందని తేలింది. ఇక ఆడవాళ్ల విషయంలో మనం చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. మోడాఫినిల్ గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. గర్భంలో బిడ్డకు లోపాలు రావచ్చన్న ఆందోళనతో, గర్భిణులకు ఇవ్వకూడదని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. ఈ రెండు సంగతులూ కలిపి ఆలోచించండి. నైట్ షిఫ్టులో పనిచేస్తూ, స్నేహితురాలు ఇచ్చిన స్ట్రిప్పులోంచి మాత్ర తీసి వేసుకునే పాతికేళ్ల పెళ్లయిన అమ్మాయికి ఎవరు చెబుతారు ఇది?

ఐరోపా ఔషధ సంస్థ 2010లో మోడాఫినిల్‌ను తిరిగి పరిశీలించి, నార్కోలెప్సీకి తప్ప మిగతా వాడకాలన్నీ తీసేయాలని సిఫారసు చేసింది. తీసేసిన వాటిలో షిఫ్టు పనివల్ల వచ్చే నిద్ర రుగ్మత కూడా ఉంది. రోగ నిర్ధారణ అయినవాళ్ల విషయంలోనే లాభం కంటే ప్రమాదం బరువుగా తోస్తే, ఏ రుగ్మతా లేని పిల్లాడికి ఇవ్వడాన్ని ఎలా సమర్థించుకుంటాం?

ఇప్పుడు అవతలి పక్షం. దాన్ని బలహీనంగా చెప్పి గెలవడం నాకు ఇష్టం లేదు. 2008 డిసెంబరులో నేచర్ పత్రికలో న్యాయశాస్త్ర, నాడీశాస్త్ర నిపుణులు కొందరు కలిసి ఒక వ్యాసం రాశారు. చదువు, వ్యాయామం, మంచి తిండి, కాఫీ, ఇవన్నీ మెదడును మెరుగుపరిచేవే; మాత్రను మాత్రం వేరుగా, అనైతికంగా ఎందుకు చూడాలి, వివేకం గల పెద్దవాళ్లకు వాడుకునే స్వేచ్ఛ ఎందుకు ఉండకూడదు అని వాళ్ల వాదన. బలవంతం ఉండకూడదని, భద్రత మీద పరిశోధన జరగాలని కూడా అందులోనే చెప్పారు. ఆ మరుసటి ఏడు అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ తన డాక్టర్లకు మార్గదర్శకం ఇచ్చింది: పెద్దవాళ్లు అడిగితే రాయాల్సిన బాధ్యత డాక్టరుకు లేదు, రాస్తే అది అనైతికమూ కాదు. పిల్లల విషయంలో అదే సంస్థ 2013లో గట్టిగా చెప్పింది, జబ్బు లేని పిల్లలకు వీటిని రాయడం సమర్థనీయం కాదని. అదే ఏడాది కెనడా వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం పెద్దవాళ్లకు కూడా రాయకుండా ఉండటమే మంచిదని వాదించింది.

నేను కెనడా వాదన వైపు ఉన్నాను. పెద్దవాళ్లకు రాయవచ్చన్న మాట ఒక ఊహ మీద నిలబడి ఉంది. అడిగే మనిషి స్వేచ్ఛగా, తన కోసం, అన్నీ తెలుసుకుని అడుగుతున్నాడన్న ఊహ అది. మన ఓపీలో అది ఎంతవరకు నిజమో చూడండి. దానికి ముందు బయటి ఉదాహరణ ఒకటి.

అమెరికా వైమానిక దళం సుదీర్ఘంగా విమానాలు నడిపే పైలట్లకు డెక్స్‌ట్రోఆంఫెటమిన్ ఇచ్చేది. 2002 ఏప్రిల్ 17 రాత్రి అఫ్గానిస్తాన్‌లో కాందహార్ దగ్గర ఒక అమెరికన్ ఎఫ్-16 పైలట్, కింద శిక్షణలో ఉన్న కెనడా సైనికుల మీద బాంబు వేశాడు. నలుగురు చనిపోయారు, ఎనిమిదిమంది గాయపడ్డారు. మాత్రల ప్రభావం వల్లే పొరపాటు జరిగిందని పైలట్ల తరఫు న్యాయవాదులు వాదించారు, వైమానిక దళం కాదంది. కారణం ఎవరు చెప్పింది నిజమైనా, ఆ విచారణతో ఒక అంగీకార పత్రం లోకానికి తెలిసింది. మాత్ర వేసుకోవడం స్వచ్ఛందం అని అందులో ఉంది. వద్దంటే, ఆ పైలట్ విమానం నడపడానికి తగినవాడో కాదో పై అధికారి నిర్ణయించవచ్చని కూడా అందులోనే ఉంది.

సంతకం పెట్టాడు కాబట్టి ఒప్పుకున్నాడని మనం అనగలమా?

ఇప్పుడు మన హాస్టల్ పిల్లాడిని తలచుకోండి. తెల్లవారుజామున లేపుతారు, రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్స్. వారం వారం పరీక్ష, ర్యాంకును బట్టి సెక్షన్ మారుతుంది. ఫీజు కోసం పొలం తాకట్టు పెట్టిన సంగతి వాడికి తెలుసు. "నీకు మాత్ర కావాలా బాబూ?" అని మనం అడిగితే అవునంటాడు. వాడి నోటితో మాట్లాడేది ఆ కాలేజీ టైంటేబుల్. అలాంటి అవునును అంగీకారంగా నేను రాసుకోలేను.

పోటీ పరీక్షలో ఇంకో చిక్కుంది. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైనే, ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త పైన. మాత్ర నిజంగా పనిచేసి, అందరూ వేసుకున్నారనుకుందాం. సీట్లు పెరగవు. ర్యాంకుల వరస దాదాపు అలాగే ఉంటుంది. అందరి నిద్రా పోతుంది, వేసుకోనివాడు ఓడిపోతాడు. కాఫీతో పోల్చేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు. ఒకరు మొదలుపెడితే పక్కవాడు మానలేని పరిస్థితి వస్తుంది, ఆ మొదటి చీటీ రాసేది డాక్టరు. ఒక మనిషి తానే కాఫీ తాగడానికీ, మీరు లెటర్‌హెడ్ మీద రాసి ఇది నీకు అవసరం అని చెప్పడానికీ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. ఆ చీటీని ఇంట్లో దాచుకుంటారు, తమ్ముడికి వాడతారు, పక్కింటికి ఇస్తారు.

మందుల కంపెనీల ఒత్తిడి కూడా లేదనుకోకండి. మోడాఫినిల్‌ను మొదట అమెరికాలో అమ్మిన సెఫలాన్ కంపెనీ, దాన్నీ ఇంకో రెండు మందులనూ అనుమతి లేని వాడకాలకు ప్రచారం చేసిందన్న ఆరోపణల పరిష్కారానికి 2008లో 42.5 కోట్ల డాలర్లు కట్టింది. అలసటగా ఉందన్నవాళ్లకు కూడా ఇవ్వవచ్చన్న ఆలోచన డాక్టర్ల గదుల్లోకి కొంత ఆ దారిలోనే వచ్చింది.

ఇక్కడ మీ సంగతికి వస్తాను. హౌస్ సర్జన్లలో కొందరు నైట్ డ్యూటీకి ముందు ఈ మాత్ర వేసుకుంటున్నారని నాకు తెలుసు. ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఒక రోజంతా క్యాజువాలిటీలో నిలబడి, తెల్లారి మళ్లీ వార్డు రౌండ్‌కు రమ్మంటే ఎవరైనా ఏం చేస్తారు? రోగి క్షేమం కోసమే వేసుకున్నాను సార్ అని మీరు అనవచ్చు. అన్ని వాదనల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే, ఎందుకంటే ఇక్కడ లాభం మూడో మనిషిది.

దీని మీద లండన్‌లో ఇంపీరియల్ కాలేజీవాళ్లు పరీక్ష పెట్టి 2012లో ప్రచురించారు. ఒక రాత్రి నిద్రలేని 39 మంది మగ రెసిడెంట్ డాక్టర్లలో కొందరికి 200 మిల్లీగ్రాముల మోడాఫినిల్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్లు ప్రణాళికలో, తొందరపాటును అదుపు చేసుకోవడంలో కాస్త మెరుగయ్యారు. చేతిపని నైపుణ్యంలో తేడా రాలేదు. తల మేలుకున్నట్టు ఉంటుంది, కుట్లు వేసే చెయ్యి మాత్రం అలాగే ఉంటుంది. అలాంటి స్థితిలో ధైర్యంగా ముందుకెళ్లే డాక్టరు రోగికి మేలు చేస్తాడని నేను చెప్పలేను.

1992లో కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెన్సీ పథకం కింద ఇచ్చిన ఆదేశాల ప్రకారం, రెసిడెంటు డ్యూటీ మామూలుగా ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదు. మూడు దశాబ్దాలు దాటింది. ఈ గదిలో ఎవరి డ్యూటీ చార్టు అలా ఉందో మీకే తెలుసు. ఆ చార్టును మార్చమని అడిగే బదులు మీరు మాత్ర వేసుకుంటే, చార్టు వేసినవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. మీ జూనియర్ బ్యాచ్ వచ్చేసరికి, మాత్ర వేసుకుంటే చేయగల డ్యూటీయే మామూలు డ్యూటీ అవుతుంది. అందుకే మీకు కూడా నేను చీటీ రాయను. చార్టు గురించి మీరు రాసే వినతిపత్రం మీద మాత్రం నా సంతకం పెడతాను.

మరి అడగడానికి వచ్చిన పిల్లాడిని ఉత్తచేతులతో పంపాలా? వద్దు. ఎన్ని గంటలు నిద్రపోతున్నాడో నాన్నను బయట కూర్చోబెట్టి అడగండి. దిగులుగా ఉందా, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. ఏకాగ్రత లేదన్న మాట వెనక డిప్రెషన్ దాక్కున్న పిల్లలు మనకు తక్కువేం లేరు. చూపు పరీక్ష చేయించండి, థైరాయిడ్ చూడండి. ఆడపిల్ల అయితే ముందు హిమోగ్లోబిన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. చదువు ఎక్కడం లేదని బాధపడే అమ్మాయికి ఐరన్ మాత్ర చేసే మేలు మోడాఫినిల్ చేయలేదు.

ఇక నేను చెబుతానన్న పిల్లల సంగతి. ఇంతసేపూ విని, ఈ మందులంటేనే భయపడి మీరు ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు రాయడం మానేస్తే ఈ ప్రసంగం కీడే చేసినట్టు. చిన్నప్పటి నుంచీ ఇంట్లోనూ బడిలోనూ కుదురులేక, తిట్లు తిని, తన మీద తనకే నమ్మకం పోయిన పిల్లకు మిథైల్‌ఫెనిడేట్ న్యాయంగా అందాల్సిన వైద్యం. మన దేశంలో అది షెడ్యూల్ ఎక్స్ అనే కఠిన నియంత్రణ జాబితాలోని మందు, చీటీ రెండు ప్రతులు రాయాలి, దుకాణంవాళ్లు ఒకటి రెండేళ్లు దాచాలి. ఇప్పటికే చాలా ఊళ్లలో అది దొరక్క తల్లిదండ్రులు జిల్లా దాటి వెళుతున్నారు. చురుకుదనం కోసం అడిగేవాళ్లకు మనం ఉదారంగా రాస్తే, నియమాలు ఇంకా బిగుసుకునేది ఈ పిల్లలకే. రోగ నిర్ధారణకు సమయం తీసుకోండి. ఆరేడేళ్ల వయసులో ఎలా ఉండేదో అమ్మనడగండి, వీలైతే టీచరుతో మాట్లాడండి. ఐదు నిమిషాల్లో తేల్చకండి, అవుననీ కాదనీ కూడా.

చివరగా, ఇప్పటికే వేసుకుంటున్నవాళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కావచ్చు, గ్రూప్ వన్‌కు చదువుకునే మనిషి కావచ్చు, మీ తోటి పీజీ కావచ్చు. చీటీ లేకుండా దుకాణంలో కొన్నామని చెప్పడానికి సిగ్గుపడతారు. కోప్పడితే రెండోసారి రారు, మాత్ర మాత్రం ఆగదు. బీపీ చూడండి. చర్మం మీద దద్దుర్లు వస్తే, నోట్లో పుండ్లు పడితే ఆ పూటే మానేసి ఆసుపత్రికి రావాలని చెప్పండి. పెళ్లయిందా లేదా అని చూడకుండా గర్భనిరోధక మాత్రల విషయం ప్రతి అమ్మాయికీ చెప్పండి. మానేశాక కొన్నాళ్లు అలసటగా ఉండవచ్చని, ఎక్కువ నిద్ర రావచ్చని ముందే చెప్పండి, లేకపోతే భయపడి మళ్లీ మొదలుపెడతారు. కేస్ షీట్‌లో రాయండి, వాళ్లకు చెప్పి రాయండి. పది రోజుల తర్వాత రమ్మని తేదీ ఇవ్వండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. వెనక కూర్చున్న తల్లిదండ్రులు ముందు అడగండి.